విరాళాల కోసం బిల్డింగ్ మీంచి తాడుతో దిగుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

పేరు ఇచ్చేశారు, రోజు దగ్గరపడుతోంది. హెల్మెట్ సంగతి నిర్వాహకులే చూస్తారు. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి.

• అంచు దాటకముందే రెండు తాళ్లూ మీ హార్నెస్‌కి (నడుముకీ తొడలకీ కట్టే బెల్టులకి) తగిలించారో లేదో శిక్షకుడి చేత మీ కళ్లముందే చెక్ చేయించండి. ఒకటి దిగడానికి, రెండోది అది విఫలమైతే మిమ్మల్ని ఆపడానికి. తాడుని హార్నెస్‌కి కలిపే కొక్కెం, అంటే కారబినర్, లాక్ పడిందా అన్నదీ చూడాలి. వెనక క్యూ ఎంతున్నా సరే, ఇక్కడ మొహమాటం వద్దు.

• జుట్టు గట్టిగా ముడేయండి. చున్నీ, గొలుసు, హుడీ తాళ్లు తీసేయండి. తాడు మీద దిగే వేగాన్ని అదుపుచేసే డిసెండర్‌లో ఇరుక్కుంటే గాల్లోనే ఆగిపోతారు, విడిపించడం తేలిక కాదు.

• బరువు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పరికరాలకి పరిమితి ఉంటుంది. మరీ తేలికైనా ఇబ్బందే, తాడు సాఫీగా జారదు.

• గుండె జబ్బు, మూర్ఛ, గర్భం, ఈమధ్య జరిగిన ఆపరేషన్ దాచొద్దు. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కాళ్లలో రక్తం నిలిచి స్పృహ తప్పొచ్చు. మధ్యలో ఆగాల్సొస్తే కాళ్లు ఆడిస్తూ ఉండండి.

• మీ ఇన్సూరెన్స్ సాహస క్రీడలకి వర్తిస్తుందా? చాలా పాలసీల్లో మినహాయింపు ఉంటుంది. సంతకం పెట్టే కాగితం చదవండి, టెన్షన్‌లో ఎవరూ చదవరు.

• ఈదురుగాలి, పిడుగులు ఉంటే దిగడం రద్దవుతుంది. అప్పుడు విరాళాలు ఏమవుతాయో దాతలకి ముందే చెప్పండి. కనీసం ఎంత సేకరించాలో, గడువెప్పుడో కూడా కనుక్కోండి.

• ఫోన్ పైనే వదిలేయండి. జారితే కింద ఉన్నవాళ్ల తల మీదే.