మైకు దూరింది కదా అని పీటీటీ నొక్కకండి

మొన్న వరద డ్యూటీకి బండ్లు సిద్ధం చేస్తుంటే, మావాడొకడు వేరే బండిలోంచి ఊడదీసిన మైకు తెచ్చి వైర్‌లెస్ సెట్టుకి పెట్టాడు. ఎనిమిది పిన్నుల గుండ్రటి ప్లగ్గు. గాడిలో చక్కగా కూర్చుంది, రింగు కూడా సాఫీగా తిరిగింది. పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కాడు. డిస్‌ప్లే ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది. విప్పి చూస్తే లోపల 8 వోల్టులు నిలకడగా ఇచ్చే రెగ్యులేటర్ పోయింది.

యాంటెన్నా లేకుండా ట్రాన్స్‌మిట్ చేయొద్దు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. సెట్లు పాడుచేసే తప్పు నేను ఎక్కువగా చూసింది ఒక్కటే: ప్లగ్గు దూరింది కాబట్టి మైకు కుదిరింది అనుకోవడం. దూరడం వేరు, కుదరడం వేరు.

గుండ్రటి 8 పిన్నుల ప్లగ్గు ఐకామ్, కెన్‌వుడ్, యాసు మూడు కంపెనీల బేస్ సెట్లలోనూ (ఒకచోట పెట్టి వాడేవి) కనిపిస్తుంది. పైకి ఒకటే, లోపల తీగల వరస ఎవరిది వాళ్లదే. కెన్‌వుడ్ మైకులో పీటీటీ స్విచ్ ఉండేది 2వ పిన్ను మీద. ఐకామ్ సెట్టులో అదే 2వ పిన్ను మీద 8 వోల్టులు వస్తుంటాయి. ఐకామ్ ఐసీ-7300 సెట్టు మాన్యువల్ చూడండి, ఆ పిన్ను నుంచి 10 మిల్లీ ఆంపియర్లు మించి లాగొద్దని ఉంటుంది. మైకు మారిపోయి మీరు పీటీటీ నొక్కారంటే ఆ 8 వోల్టులు పోకూడని దారి పడతాయి. మాట వెళ్లే పిన్ను సంగతీ అంతే. ఐకామ్, కెన్‌వుడ్‌లకు అది 1 అయితే, గుండ్రటి ప్లగ్గున్న యాసు సెట్లు చాలావాటిలో 8.

బండి సెట్లలో ఎక్కువగా ఉండే ఆర్‌జే45 మరీ మోసం. లాన్ కేబుల్ ప్లగ్గే కదా అని చెయ్యి ముందుకెళ్తుంది. దానికీ కంపెనీకో వరస. ఆరు పిన్నుల ప్లగ్గు కూడా ఎనిమిది పిన్నుల సాకెట్‌లో దూరుతుంది. దూరేటప్పుడు రెండు చివర్లా ఉన్న కాంటాక్టుల్ని అణిచేస్తుంది, తర్వాత అసలు మైకు పెట్టినా సరిగా అంటవు.

పెట్టేముందు మల్టీమీటర్ తీయండి. మైకు లేకుండా సెట్టు ఆన్ చేసి, సాకెట్‌లో ఏ పిన్ను మీద 5 వోల్టులో 8 వోల్టులో వస్తున్నాయో రాసుకోండి. ప్రోబ్ జారితే పక్క పిన్నుతో షార్టవుతుంది, నెమ్మది. తర్వాత మైకుని విడిగా పట్టుకుని పీటీటీ నొక్కి, ఏ రెండు పిన్నులు కలుస్తున్నాయో మల్టీమీటర్ బీప్‌తో చూడండి. సెట్టు పీటీటీ పిన్ను మీద కూడా వోల్టులు కనిపించొచ్చు, అందుకే మాన్యువల్‌తో సరిచూసుకోండి: కలిసే రెంటిలో ఒకటి వోల్టులు సరఫరా చేసే పిన్ను అయితే ఆ మైకు ఆ సెట్టుకి పనికిరాదు. తీగల వరస మార్చే అడాప్టర్ చేసుకోండి, లేదా వదిలేయండి.

అడాప్టర్ అంటే ఇంకో గొయ్యి. వైరింగ్ బొమ్మలో పిన్ను నంబర్లు సాకెట్ ముందువైపు నుంచి ఇచ్చారా, టంకం పెట్టే వెనకవైపు నుంచా? చూసుకోకపోతే మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. నేనూ ఒకసారి ఎనిమిది టంకాలూ విప్పి మళ్లీ పెట్టినవాణ్ణే.

ఇక మిగతావి:

మైకు మార్చేటప్పుడు సెట్టు ఆఫ్‌లో ఉండాలి.

మైకు తీగ పొడిగించడానికి టెలిఫోన్ తీగ వాడొద్దు. మామూలు ఆరు తీగల దానిలో ఒక చివర 1వ పిన్ను, రెండో చివర 6వ పిన్ను అవుతుంది.

క్రాసోవర్ లాన్ కేబుల్ (రెండు చివర్లా తీగల వరస వేరుగా ఉండేది) అసలే వద్దు.

పీఓఈ తీగ (లాన్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపేది) మైకు సాకెట్ దగ్గరికి కూడా రానివ్వద్దు. కొన్ని ఇంజెక్టర్లు అడక్కుండానే 24, 48 వోల్టులు తోస్తాయి.

డైనమిక్ మైకుని (కరెంటు అక్కర్లేకుండా పనిచేసే రకం) ఐకామ్‌కి పెడితే మధ్యలో కెపాసిటర్ వేయండి. ఐకామ్ సెట్టు మైకు పిన్ను మీద డీసీ వోల్టు ఉంటుంది.

మొదటిసారి నొక్కేది డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) మీద, లో పవర్‌లో.

పీటీటీ వదిలాక ఎర్ర లైటు ఆరిందో లేదో చూడండి. ఆరకపోతే ఛానెల్ మొత్తం మీరే మూసేసినట్టు.

టైమ్ అవుట్ టైమర్ (ఎక్కువసేపు నొక్కి ఉంటే ట్రాన్స్‌మిట్‌ని దానంతటదే ఆపేది) పెట్టండి. ఇప్పుడే.

మళ్లీ చెప్తున్నా, దూరడం వేరు, కుదరడం వేరు.

ఏ మైకు ఏ సెట్టుదో టేపు మీద రాసి మైకు వెనక అంటించండి. పేరు లేని మైకుని బండి ఎక్కనివ్వద్దు.