చంటిదాంతో ఫస్ట్ క్లాస్ లాంగ్ ఫ్లైటా, బుక్ చేసేముందు ఇవి చూస్కోండి

డిసెంబర్ సెలవులకి అమెరికా నుంచి ఇంటికొచ్చేవాళ్ళకి, ముఖ్యంగా టికెట్ కోసం క్రెడిట్ కార్డు, ఎయిర్‌లైన్ పాయింట్లు దాచుకున్నవాళ్ళకి.

– పాపకి ట్రిప్ మధ్యలో రెండేళ్ళు నిండుతాయేమో ముందు చూడండి. నిండితే రిటర్న్‌లో ఒళ్ళో కూర్చోబెట్టుకోనివ్వరు, సొంత సీటు కొనాల్సిందే, అప్పటికి ఆ క్యాబిన్‌లో సీటు మిగుల్తుందన్న గ్యారంటీ లేదు, ఉన్నా రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

– ఒళ్ళో పిల్లకీ టికెట్ ఉంటుంది. ఇంటర్నేషనల్‌లో మామూలుగా పెద్దవాళ్ళ ఫేర్‌లో 10 శాతం, మీరు పాయింట్లతో కొన్నా దీన్ని క్యాష్ ఫేర్ మీద లెక్కేసే ఎయిర్‌లైన్స్ ఉన్నాయి.

– సీట్లు మధ్య వరసలో పక్కపక్కవి తీస్కోండి. కిటికీ వైపువి విడివిడి గదుల్లా ఉంటాయి, టేకాఫ్ అప్పుడు పిల్ల ఏడిస్తే రెండోవాళ్ళు బెల్ట్ తీసి లేచి రాలేరు.

– పిల్లని కూర్చోబెట్టే కార్ సీట్ తెస్తుంటే ముందే ఫోన్ చేసి అడగండి. ఎయిర్‌బ్యాగ్ బెల్టున్న సీట్లలో చాలాచోట్ల ఒప్పుకోరు.

– బాసినెట్ (ఫ్లైట్‌లో గోడకి తగిలించే చిన్న ఉయ్యాల లాంటిది) మీద ఆశ పెట్టుకోకండి, ఏడాదిన్నర పిల్ల అందులో పట్టదు.

– చైల్డ్ మీల్ 24 గంటల ముందే చెప్పాలి. ఎంత ఫస్ట్ క్లాసైనా మనవాళ్ళు చివరికి తినేది పెరుగన్నమే అనుకోండి.

– నిద్రపోతుందని జలుబు సిరప్ పట్టించకండి, కొంతమంది పిల్లలు దానికి ఇంకా రెచ్చిపోతారు.