బంగారం వెతుకుదాం, 4వ పాఠం: మ్యాపులో రంగు, నేల మీద గుంజ

ఈ పాఠంలో అనుమతుల గురించి చెప్తానని పోయినసారి మాటిచ్చాను. చెప్తాను, కానీ చివర్లో. అమెరికాలో ప్రభుత్వ భూములు చూసే బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) మ్యాపు ఒకటుంది, ఎవరైనా క్లెయిమ్ (ఖనిజం తీసుకునే హక్కు) వేసిన చోట రంగు చూపిస్తుంది. 3వ పాఠం చదివి ఆ మ్యాపు తెరిచినవాళ్ళు రాసిన ఉత్తరాలు చూశాక, ఆ పాఠాన్ని మళ్ళీ దున్నకుండా ముందుకు వెళ్ళడం మంచిది కాదనిపించింది.

ఒకాయన "వాగు పొడుగునా మ్యాపు మొత్తం రంగు నిండి ఉంది, ఇక మనకు చోటెక్కడిది" అని ఆశ వదిలేశారు. ఒకావిడ రంగు లేని చోటు చూసుకుని, శనివారం పిల్లలతో వెళ్ళి తన క్లెయిమ్ హద్దులకు నాలుగు గుంజలు పాతి వచ్చారు. ఇంకో తమ్ముడు రికార్డులో "క్లోజ్డ్" అన్న మాట చూసి, నేల ఖాళీ అయిందని లెక్క వేసుకున్నాడు. ముగ్గురిదీ ఒకటే పొరపాటు. మ్యాపు ఏం చెప్తోందో చదివారు, ఏం చెప్పడం లేదో చదవలేదు. మ్యాపు ఏం చెప్పదో పోయిన పాఠంలో నేను ఒక్క వాక్యంలో దాటేశాను. ఈసారి ఆ వాక్యాన్నే విప్పుతాను.

ముందు మ్యాపులో గళ్ళ లెక్క. ఇక్కడ టౌన్‌షిప్ అంటే ఊరు కాదు, 6 మైళ్ళకు 6 మైళ్ళ చదరం. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. ఈశాన్య మూల 1తో మొదలై పడమరకు 6 దాకా వెళ్తుంది. 6 కింద 7, అక్కడినుంచి మళ్ళీ తూర్పుకు. నాగలి చాలు చివర తిరిగి వచ్చినట్టే. కాలిఫోర్నియాలో మనం తిరిగే సియెర్రా కొండలన్నిటికీ ఈ లెక్క మౌంట్ డయాబ్లో అనే కొండ దగ్గర మొదలవుతుంది. సెక్షనును నాలుగు పావులు చేస్తే ఒక్కో పావు 160 ఎకరాలు.

మనం వేసేది ప్లేసర్ క్లెయిమ్, అంటే వాగు ఇసుకలో, కంకరలో ఉండే బంగారానికి. ఒక మనిషి ఒక క్లెయిమ్‌లో 20 ఎకరాలు దాటి తీసుకోకూడదు. కానీ బీఎల్ఎం మ్యాపు ఆ 20 ఎకరాలను గీసి చూపించదు. క్లెయిమ్ ఏ పావులో ఉందో ఆ పావు మొత్తానికి రంగు వేస్తుంది. 20 ఎకరాల క్లెయిమ్ ఒక్కటున్నా 160 ఎకరాలూ నిండినట్టే కనిపిస్తుంది. ఎనిమిది క్లెయిములున్నా అదే రంగు. పావుల సరిహద్దు మీద పడ్డ చిన్న క్లెయిమ్ రెండు పావులకూ రంగు పూస్తుంది.

మన ఊరి లెక్కలో చూద్దాం. సర్వే నంబరు 112 మొత్తం 16 ఎకరాలు, అందులో మీ పెదనాన్నగారివి 2 ఎకరాలు. అడంగల్‌లో 112 దగ్గర ఆయన పేరుందని 16 ఎకరాలూ ఆయనవే అనుకోం కదా. ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) తెప్పించి, సబ్ డివిజన్ చూసి, సర్వేయరుతో గొలుసు పట్టించి హద్దురాళ్ళు వెతుకుతాం. ఇక్కడా అదే పని. మ్యాపు అడంగల్ లాంటిది. ఎఫ్ఎంబీ లాంటి కాగితం కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డర్ ఆఫీసులో ఉంటుంది, దాని పేరు లొకేషన్ నోటీసు. హద్దురాళ్ళు నేల మీద ఉంటాయి. మూడూ చూడనివాడు ఏమీ చూడనట్టే.

లొకేషన్ నోటీసులో హద్దులు ఇంగ్లీషు వరుసలో రాస్తారు, చిన్న ముక్క ముందు, పెద్ద ముక్క చివర. చాలామంది తికమక పడేది ఇక్కడే. మీరు దాన్ని చివరినుంచి మొదటికి తెలుగులో చెప్పుకోండి: 14వ సెక్షనులో, నైరుతి పావులో, ఈశాన్య పావులో, తూర్పు సగం. 640లో పావు 160, అందులో పావు 40, అందులో సగం 20. వెడల్పు 660 అడుగులు, పొడుగు 1,320 అడుగులు. ఇల్లు కట్టేటప్పుడు నైరుతి, ఈశాన్యం లెక్కలు వేసుకున్న అలవాటు మనందరికీ ఉంది. నేను ఇప్పటికీ ప్రతి నోటీసూ ఇలా తెలుగులో రాసుకున్నాకే గ్రాఫు కాగితం మీద గీస్తాను. ఒక్కసారి కూడా మూల తప్పలేదు.

ఇక రంగు లేని చోటు. క్లెయిమ్ వేసినవాళ్ళకు కాగితాలు బీఎల్ఎంకు చేర్చడానికి 90 రోజుల గడువుంది. ఈ రోజు గుంజ పాతినవాడి పేరు మ్యాపులోకి రెండు మూడు నెలల తర్వాత ఎక్కినా అతను చట్టం తప్పినట్టు కాదు. అక్కడి ఖనిజం మీద హక్కు మాత్రం పాతిన రోజునుంచే అతనిది.

ఇది నాకు అనుభవం. మొదటి ఏడాది యూబా నదిలోకి దిగే ఒక చిన్న వాగు మలుపు చూసుకున్నాను. మ్యాపులో రంగు లేదు. పొద్దున్నే వెళ్ళి, లోపలి వంపులో రాళ్ళు తప్పించి, పాన్ (ఇసుక కడిగి బంగారం వేరుచేసే పళ్ళెం) కడుగుతున్నాను. అడుగున నల్ల ఇసుక, దాని అంచున మూడు బంగారు పలుకులు మెరిశాయి. నీళ్ళ సీసా కోసం ఒడ్డుకు వస్తే, ఒక పైన్ చెట్టు మొదట్లో నడుమెత్తు గుంజ. దానికి ఇనప తీగతో కట్టి, మూత కిందికి ఉండేలా తలకిందులుగా వేలాడదీసిన నారింజ రంగు మాత్రల సీసా. లోపల చుట్టిన కాగితం చెమ్మకి అంచుల్లో మెత్తబడింది, పెన్సిలు రాత మాత్రం చెదరలేదు. తేదీ ఆరు వారాల కిందటిది. నేను గంటన్నరగా కడుగుతున్నది ఇంకొకరి ఇసుక. పలుకులు వాగులోనే వదిలి, కాగితం ఎలా ఉందో అలాగే చుట్టి పెట్టి వచ్చేశాను. క్లెయిమ్ ఉన్న నేల మీద నడవచ్చు, చేపలు పట్టుకోవచ్చు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నేలలో ఉన్న మామూలు క్లెయిమ్ ఇచ్చేది కింద ఉన్న ఖనిజం మీద హక్కే గానీ భూమికి పట్టా కాదు. ఆ ఖనిజాన్ని మాత్రం అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. కాబట్టి పాన్ బయటికి తీసేముందు గుంజల కోసం ఒడ్డు రెండువైపులా నడవండి.

మీరు పాతేటప్పుడు పై మూత లేని ప్లాస్టిక్ పైపు మాత్రం వాడకండి. గూడు కోసం లోపలికి దూరిన పిట్ట మళ్ళీ పైకి రాలేదు, అందులోనే చచ్చిపోతుంది. కర్ర గుంజ పాతండి.

"క్లోజ్డ్" మాటకొస్తే, ఆ ఫైలు మూసేశారనే దాని అర్థం. మర్నాడే ఇంకొకరు అక్కడ కొత్తగా వేసి ఉండొచ్చు. లేదా ఆ నేలలో ఇకపై కొత్త క్లెయిములు వద్దని ప్రభుత్వమే ఆపేసి ఉండొచ్చు. నార్త్ ఫోర్క్ అమెరికన్ నది ఉంది కదా, 1978లో దాన్ని వైల్డ్ నదిగా, అంటే సహజంగా ఉన్నట్టే కాపాడాల్సిన నదిగా ప్రకటించారు. అలాంటి నదికి రెండు ఒడ్లనుంచీ పావు మైలు లోపలున్న ఫెడరల్ నేలలో కొత్త క్లెయిమ్ కుదరదు. రంగు లేకపోవడం చూసి అక్కడ గుంజ పాతితే, కట్టిన డబ్బూ, పడిన శ్రమా రెండూ పోతాయి.

ఇప్పుడు అనుమతులు. క్లెయిమ్ ఎవరు వేయొచ్చో మొదటి పాఠంలోనే చెప్పాను: అమెరికా పౌరులు, లేదా పౌరసత్వం తీసుకుంటామని డిక్లేర్ చేసినవాళ్ళు. హెచ్1బీ మీద ఉన్న తమ్ముళ్ళు గుంజల ఆలోచన పక్కన పెట్టి, పాన్ కడగడం మీద దృష్టి పెట్టండి.

బీఎల్ఎం నేలలో పాన్, పార, చిన్న గునపంతో చేసే పని మామూలుగా క్యాజువల్ యూజ్ కిందికి వస్తుంది, ముందుగా చెప్పక్కర్లేదు. యంత్రంతో తవ్వి 5 ఎకరాల లోపు నేల కదిలించాలంటే 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నేలను మళ్ళీ సరిచేస్తామని బాండు కట్టాలి. 5 ఎకరాలు దాటితే పూర్తి ప్లాను పెట్టాలి. టాహో లాంటి నేషనల్ ఫారెస్టులో అయితే క్లెయిమ్ కాగితాలు బీఎల్ఎంకే వెళ్తాయి, నేల కదిలించే మాట మాత్రం ఫారెస్ట్ సర్వీస్‌తో మాట్లాడాలి. అక్కడి కాగితం పేరు నోటీస్ ఆఫ్ ఇంటెంట్. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఇంకోటి పంపకండి. కాలిఫోర్నియా వాగుల్లో మోటారుతో ఇసుక పీల్చే డ్రెడ్జ్ జోలికి అసలు పోవద్దు. 2009 నుంచి ఆపేశారు, 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధం చెల్లుతుందని చెప్పింది.

ఏటా సెప్టెంబరు 1 లోపు 20 ఎకరాలకు 200 డాలర్లు కట్టాలి, 2024 ముందు 165 ఉండేది. పదికి మించి క్లెయిములు లేనివాళ్ళు డబ్బు బదులు 100 డాలర్ల విలువైన పని చేస్తామని మినహాయింపు అడగొచ్చు. అలా అడిగినవాళ్ళు పని చేశామని డిసెంబరు 30 లోపు ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి.

నా మాట వింటే మొదటి ఏడాది సొంత క్లెయిమ్ వేయకండి. క్లెయిమ్ ఉన్నవారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని కడగండి. నేను ఆగస్టు చివర వెళ్తాను. మే, జూన్‌లో మంచు కరిగి వచ్చే నీళ్ళలో కాలు నిలవదు.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగి నడిచేవాళ్ళను చూస్తూ పెరిగినవాణ్ణి. నేలను చదివే కన్ను అక్కడే అబ్బింది. ఆ కన్ను మీకూ వస్తుంది, కానీ ముందు కాగితం చదవడం రావాలి. అందుకే ఈసారి అభ్యాసం కొంచెం పెద్దది.

మీకు దగ్గరలో రంగు పడిన సెక్షను ఒకటి ఎంచుకోండి. అందులో ఉన్న క్లెయిములన్నిటి లొకేషన్ నోటీసులూ కౌంటీ రికార్డర్ దగ్గర తెప్పించుకోండి. ఒక్కోదాని హద్దులూ తెలుగులో రాసుకుని, గ్రాఫు కాగితం మీద ఒక గడి 10 ఎకరాలుగా గీయండి, సెక్షనుకు 64 గళ్ళు వస్తాయి. ఒకదాని మీద ఒకటి పడ్డవాటిని ఎర్ర పెన్సిలుతో చుట్టండి, వాటిలో ఏది ముందు వేశారో తేదీ రాయండి. తర్వాత ఏదైనా ఒక క్లెయిమ్ మూల ఎంచుకుని నేల మీదికి వెళ్ళి గుంజ వెతకండి. పాన్ ఇంట్లోనే పెట్టి వెళ్ళండి. కాగితం మీది మూలకీ, మీకు దొరికిన గుంజకీ తేడా ఎన్ని అడుగులో రాసి పంపండి. గుంజ దొరక్కపోతే ఎంతసేపు, ఏ వైపు వెతికారో రాయండి.