పొద్దుతిరుగుడు పూలను వాన్ గో పద్ధతిలో వేయాలంటే

విన్సెంట్ వాన్ గో ఈ పూల కుండీ బొమ్మలను 1888 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో వేశాడు. పూలు త్వరగా వాడిపోతాయని తెల్లారగానే మొదలుపెట్టేవాడు. మీరూ అంతే, కోసిన రోజే రేకులు ముగించండి. లండన్ నేషనల్ గ్యాలరీలోని చిత్రం సుమారు 92 × 73 సెంటీమీటర్లు. సాధనకు 46 × 36 చాలు.

కాన్వాస్‌కు గెస్సో (రంగు పట్టేందుకు ముందుగా వేసే తెల్లటి అడుగుపూత) రెండు పూతలు వేసి, ఆరాక గరుకు కాగితంతో రుద్దండి. ఆయిల్ రంగు తొలి పొరను టర్పెంటైన్‌తో పల్చగా పరచాలి. పై పొరలకు వెళ్లేకొద్దీ రంగులో నూనె పెరగాలి. ఇది తారుమారైతే పైపొర ముందే బిగిసి, కింది పొర ఆరుతూ కదిలినప్పుడు పగుళ్లిస్తుంది.

రేకులే ఈ చిత్రానికి ప్రాణం. ట్యూబు నుంచి వచ్చిన రంగును ఏమీ కలపకుండా గట్టి కుచ్చు బ్రష్‌తో తీసుకుని, ఒక్కో రేకుకు ఒకే గీత లాగండి. ప్రతి గీతకూ బ్రష్ తుడవాలి. తడి రంగును మళ్లీ మళ్లీ దిద్దితే పసుపు మురికిబారుతుంది. వాన్ గో వాడిన క్రోమ్ పసుపులో సీసం ఉంది, వెలుతురుకు గోధుమరంగుకు తిరుగుతుంది కూడా. దాని బదులు కాడ్మియం పసుపు, నీడలకు ఓకర్ (మట్టి పసుపు రంగు) తీసుకోండి. నలుపు వద్దు.

పర్లాకిమిడి, బరంపురం వైపు వానాకాలంలో ఆయిల్ రంగు చాలా నెమ్మదిగా ఆరుతుంది, కాన్వాస్‌కు బూజూ పడుతుంది. శీతాకాలంలో మొదలుపెట్టడమే మేలు. త్వరగా ఆరాలని ఎండలో పెడితే పైన చర్మం కట్టి ముడతలు పడతాయి. చెమ్మగోడకు ఆనించకుండా గాలాడే గదిలో ఉంచండి. మందపు రేకులకు వార్నిష్ వేసేముందు కనీసం ఆరు నెలలు ఆగాలి.