సిస్కో స్విచ్‌కి కాన్ఫిగ్ ఫైల్ సేఫ్‌గా పంపడం ఎలా?

నెట్‌వర్క్ స్విచ్‌కి కాన్ఫిగ్ (దాని సెట్టింగులన్నీ ఉండే ఫైల్) పంపాలంటే చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ టీఎఫ్‌టీపీ అనే పాత పద్ధతే, ల్యాప్‌టాప్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తే పనైపోద్ది కదా అని. దానికి పాస్‌వర్డూ లేదు, ఎన్‌క్రిప్షనూ లేదు, యూడీపీ పోర్ట్ 69తో మొదలై ఫైలంతా ఉన్నదున్నట్టు వెళ్ళిపోద్ది. అందులో ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీలు (స్విచ్‌ని మానిటర్ చేయడానికి వాడే పాస్‌వర్డ్ లాంటి పదాలు), టైప్ 7 పాస్‌వర్డులు (సిస్కో పైపైన మాత్రమే దాచేవి) ఉంటాయి, అవి విప్పడం నిమిషం పని కూడా కాదు. అందుకే ఎస్‌సీపీ వాడండి, ఇది ఎస్ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్ట్ చేసిన రిమోట్ లాగిన్) మీదే నడుస్తుంది, పోర్ట్ 22.

ముందు స్విచ్‌లో హోస్ట్‌నేమ్, డొమైన్ నేమ్ పెట్టి ఎన్‌క్రిప్షన్ కోసం 2048 బిట్ల ఆర్ఎస్ఏ కీ జనరేట్ చేసి ఎస్ఎస్‌హెచ్ వెర్షన్ 2 మాత్రమే ఉంచండి. ప్రివిలేజ్ 15తో (అంటే పూర్తి అధికారంతో) స్విచ్‌లోనే ఒక లోకల్ యూజర్‌ని పెట్టండి, ఆ కమాండ్‌లో 'పాస్‌వర్డ్' అనే పదం బదులు 'సీక్రెట్' అని ఇవ్వాలి. యూజర్ రెడీ అయ్యాకే ఏఏఏ (ఎవరు లాగిన్ కావచ్చు, ఏం చేయొచ్చు అని చూసే వ్యవస్థ) ఆన్ చేయండి, లేదంటే మీరే బయటుండిపోతారు. లాగిన్‌కీ ఎగ్జెక్ ఆథరైజేషన్‌కీ (లాగిన్ అయినవాళ్ళకి వాళ్ళ ప్రివిలేజ్ ఇచ్చేది) రెండింటికీ లోకల్ పెట్టండి, రెండోది మర్చిపోతే లాగిన్ అవుద్ది గానీ కాపీ దగ్గర 'ప్రివిలేజ్ డినైడ్' అంటది. తర్వాత 'ఐపీ ఎస్‌సీపీ సర్వర్ ఎనేబుల్' కొట్టి సేవ్ చేయండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ నుంచి ఫైల్‌ని స్విచ్ ఫ్లాష్‌లోకి (దాని స్టోరేజ్‌లోకి) ఎస్‌సీపీ కమాండ్‌తో పంపండి. 2022లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ కమాండ్ లోపల ఎస్ఎఫ్‌టీపీ అనే వేరే పద్ధతి వాడుతోంది, మన స్విచ్‌లకి అది అర్థం కాదు, కాబట్టి పాత పద్ధతిలోనే పంపేలా ఆ కమాండ్‌కి హైఫన్ పెట్టి క్యాపిటల్ 'ఓ' (-O) తగిలించండి. మొదటిసారి ఫింగర్‌ప్రింట్ (స్విచ్ కీకి గుర్తుగా ఉండే కోడ్) చూపించి సరేనా అని అడిగితే కళ్ళు మూసుకుని ఎస్ కొట్టకండి, అవతల ఉన్నది మన స్విచ్చేనా అని చూసుకోవడానికే కదా అది అడిగేది.

ఫైల్ చేరాక స్విచ్‌లో 'వెరిఫై /ఎండీ5' కొట్టి, వచ్చిన కోడ్‌ని ల్యాప్‌టాప్‌లో ఫైల్ ఎండీ5 కోడ్‌తో పోల్చండి, రెండూ ఒకటే అయితే ఫైల్ చెడిపోకుండా చేరినట్టు.

అసలు తిప్పలు ఇక్కడే. ఒకసారి నేను ఫైల్లోంచి పాత యాక్సెస్ లిస్ట్ (ఏ ట్రాఫిక్‌ని వదలాలో ఆపాలో చెప్పే రూల్స్) తీసేసి రన్నింగ్ కాన్ఫిగ్‌కి (స్విచ్ ప్రస్తుతం నడుస్తున్న సెట్టింగులకి) కాపీ కొట్టా, పోయిందనుకున్నా, చూస్తే అక్కడే ఉంది! కాపీ చేస్తే ఉన్నదాంట్లో కలుస్తుంది అంతే, మనం తీసేసినవి తీయదు. పూర్తిగా మారాలంటే 'కాన్ఫిగర్ రీప్లేస్' కొట్టాలి, దానికి ఫుల్ ఫైలే ఇవ్వాలి, నాలుగు లైన్ల ముక్క ఇస్తే మిగతాదంతా లేపేస్తది.

అది కొట్టే ముందు 'రీలోడ్ ఇన్ 10' పెట్టండి. లింక్ తెగిపోయినా పది నిమిషాల్లో స్విచ్ రీస్టార్టయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది, నెట్‌వర్క్ కాసేపు పోద్ది గానీ రాత్రిపూట బండేసుకుని సైట్‌కి పరిగెత్తడం తప్పుద్ది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి సేవ్ చేయండి, ఆ క్యాన్సిల్ మాత్రం మర్చిపోవద్దు బాబూ. ఫ్లాష్‌లోనూ ల్యాప్‌టాప్ డౌన్‌లోడ్స్‌లోనూ మిగిలిన ఆ ఫైల్‌ని కూడా డిలీట్ చేసేయండి.