సెంటాస్ 7 నుంచి పోస్ట్‌గ్రెస్ మారుస్తున్నారా? రీఇండెక్స్ చేయకుండా సర్వర్ తెరవకండి

సెంటాస్ 7 అనే లినక్స్ ఓఎస్‌కు సపోర్ట్ 2024 జూన్ 30తో ఆగిపోయింది. దాని మీద మిగిలిపోయిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లను హడావిడిగా తరలిస్తున్న చోటల్లా ఒకే ఫిర్యాదు: టేబుల్‌లో ఉన్న కస్టమర్ పేరు పెట్టి వెతికితే దొరకడు, రిపీట్ కాకూడని యూనిక్ కాలమ్‌లో ఒకే ఈమెయిల్ రెండుసార్లు ఉంటుంది.

బ్యాకప్ గురించి మీకు చెప్పక్కర్లేదు. ప్రమాదం లొకేల్‌లో, అంటే భాషను బట్టి అక్షరాల వరుసను నిర్ణయించే సెట్టింగ్‌లో ఉంది. డేటాబేస్‌కు అమెరికన్ ఇంగ్లిష్ యూటీఎఫ్-8 లాంటి లొకేల్ పెట్టి ఉంటే, ఏ అక్షరం ముందో ఏది వెనకో పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఓఎస్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది. సెంటాస్ 7లో ఉన్నది 2.17. 2018లో వచ్చిన 2.28 ఆ వరుసను బాగా మార్చేసింది. పాతది 11 తర్వాత 1-1 పెట్టేది, కొత్తది 1-1 ముందు పెడుతుంది. డేటా ఫోల్డర్‌ను కాపీ చేస్తే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పేర్చిపెట్టిన జాబితా) పాత వరుసలోనే వస్తుంది. సర్వర్ కొత్త వరుసలో వెతికి, లేదనేస్తుంది. ఎర్రర్ కూడా రాదు.

పోస్ట్‌గ్రెస్ 15 నుంచి కనెక్ట్ అవగానే కొలేషన్ (అక్షరాల వరుస) వెర్షన్ కలవలేదని వార్నింగ్ వస్తుంది. కొంపలు ముంచేది ఇక్కడే. చాలామంది "రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్" కొట్టి ఊరుకుంటారు. అది పోస్ట్‌గ్రెస్ సొంత వివరాలు దాచుకునే కేటలాగ్‌లో నంబర్ మారుస్తుంది, అంతే. ఇండెక్స్ జోలికి పోదు. ముందు రీఇండెక్స్ (ఇండెక్స్‌ను మళ్లీ కట్టడం), తర్వాతే రిఫ్రెష్.

టెక్స్ట్, వార్‌క్యార్ లాంటి అక్షరాల కాలమ్‌ల ఇండెక్స్‌లన్నీ అనుమానించాల్సినవే. అంకెలవి, బైట్ల విలువను బట్టి పేర్చే 'సి' కొలేషన్‌వి క్షేమం. డంప్ తీసి రీస్టోర్ చేసినా, మార్పులను రికార్డులుగా పంపే లాజికల్ రెప్లికేషన్‌తో మార్చినా ఇండెక్స్ కొత్తగా కడుతుంది కాబట్టి ఈ బెడద లేదు. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చే పీజీ_అప్‌గ్రేడ్ టూల్ అలా కట్టదు.

పాత ఓఎస్ మీదున్న ప్రైమరీకి (అసలు సర్వర్‌కు) కొత్త ఓఎస్ మీద స్ట్రీమింగ్ రెప్లికా (ఫైళ్లను ఉన్నదున్నట్టు కాపీ చేసుకునే నకలు సర్వర్) పెట్టకండి; అక్కడికీ ఇండెక్స్ పాత వరుసలోనే వెళ్తుంది.

డాకర్ కంటైనర్ వాడితే ఇమేజ్ ట్యాగ్‌లో పోస్ట్‌గ్రెస్ నంబర్‌తో సరిపెట్టకండి, దాని కింద ఉండే డెబియన్ లినక్స్ వెర్షన్ పేరు కూడా రాయండి. లేకపోతే ఒక పుల్‌తో (కొత్త ఇమేజ్ దింపగానే) కింద ఓఎస్ మారిపోతుంది. జీలిబ్‌సీ వాడని ఆల్పైన్ లినక్స్‌కు దూకడమూ ఇలాంటిదే.

డూప్లికేట్లు చేరాక యూనిక్ ఇండెక్స్ రీఇండెక్స్ ఫెయిలవుతుంది. అందుకే యాప్‌ను ఆపి చేయండి.

డూప్లికేట్లు వెతికేటప్పుడు ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్ ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ మూడూ ఆఫ్ చేయండి. పాడైన ఇండెక్స్‌నే సాక్ష్యం అడిగితే ఏం చెబుతుంది?

టెక్స్ట్ కాలమ్ మీద రేంజ్ పార్టిషన్లుంటే (ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని టేబుల్‌ను ముక్కలు చేసి ఉంటే) రీఇండెక్స్ చాలదు. తప్పు పార్టిషన్‌లో ఉన్న రికార్డులను తీసి మళ్లీ ఎక్కించాలి.

ఇండెక్స్ సరిగ్గా ఉందో లేదో చూసే ఏఎమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్‌తో ప్రతి బీట్రీ (మామూలు రకం) ఇండెక్స్‌నూ పరీక్షించండి.

వార్నింగ్ వచ్చిందా? వెంటనే రిఫ్రెష్ ముట్టుకోకండి. రీఇండెక్స్ పూర్తయ్యేదాకా ఒక్క ఇన్సర్ట్ కూడా పోనివ్వకండి.