సోషల్ సబ్జెక్టులో అన్వేషణ పాఠం ఆన్‌లైన్‌లో ఎలా తయారుచేయాలి?

"మూసీ వరదలకు కారణాలు రాయండి" అని ఎనిమిదో తరగతికి హోంవర్క్ ఇస్తే ఏమవుతుందో సోషల్ చెప్పేవాళ్ళందరికీ తెలుసు. నలభై నోటుబుక్కుల్లో ఒకటే జవాబు, అదీ గైడులో ఉన్న వరుసలోనే. ఫోన్ చేతికందిన పిల్లలు గూగుల్‌లో మొదట కనబడ్డ పేరా దించేస్తారు. తప్పు వాళ్ళది కాదు. మనం అడిగినదానికి జవాబు ఎక్కడో సిద్ధంగా ఉంది, తెచ్చి ఇచ్చారు.

సిద్ధంగా దొరకని జవాబును పిల్లల చేతే కట్టించేది అన్వేషణ పాఠం. అందుకు కావలసిన ఆధారాలను మనమే ఏరి వాళ్ళ ముందు పెడతాం. 1995లో అమెరికాలోని శాన్ డీగో స్టేట్ యూనివర్సిటీలో బెర్నీ డాడ్జ్ 'వెబ్‌క్వెస్ట్' పేరుతో ఇలాంటి పాఠానికి ఒక రూపం ఇచ్చారు. పిల్లల సమయం వెతుకులాటకు కాక, దొరికినదాని గురించి ఆలోచించడానికి ఖర్చవ్వాలన్నది అందులో ముఖ్యమైన మాట. నేను చేసే తీరు మూసీ పాఠం మీదే చెబుతాను.

1. ముందు ప్రశ్న

సగం శ్రమ ఇక్కడే పడాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. మళ్ళీ అలా జరగకూడదని గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. అయినా 2020 అక్టోబరులో కాలనీలకు కాలనీలు నీళ్ళలో ఉన్నాయి. అందుకని నా ప్రశ్న ఇది: "హైదరాబాద్‌ను ముంచింది వానా, మనుషులా?"

మీ ప్రశ్న రాశాక దాన్ని గూగుల్‌లో కొట్టి చూడండి. మొదటి పేజీలోనే జవాబు వచ్చేస్తే ప్రశ్న మార్చండి. ఇద్దరు పిల్లలు రెండు వేరువేరు జవాబులు చెప్పి, ఇద్దరూ ఆధారం చూపించగలిగితే అది పనికొచ్చే ప్రశ్న.

2. నాలుగు ఆధారాలు, అంతకు మించి వద్దు

మొదటిసారి నేను పది లింకులు ఇచ్చాను. చాలామంది రెండోదాని దగ్గరే ఆగిపోయారు. అప్పటినుంచి నాలుగే ఇస్తున్నాను.

ఒకటి, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఫోటో. 1908 వరద రోజు దాన్ని ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. పిల్లలు పాఠంలోకి వచ్చేది ఈ చెట్టు దగ్గరే. రెండు, కాలరేఖ: 1908 వరద, 1909లో ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సలహాకు పిలవడం, 1920లో మూసీ మీద గండిపేట, 1927లో ఈసీ నది మీద హిమాయత్‌సాగర్. మూడు, ఒక లెక్క: నగరానికి ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 ఆ 1908 వానకు తెగాయని విశ్వేశ్వరయ్య తేల్చారు. నాలుగు, ఇప్పటి నగరంలోని ఒక చెరువు ఉపగ్రహ చిత్రాలు రెండు, పాతదీ కొత్తదీ.

మూడోదీ నాలుగోదీ పక్కపక్కన పెట్టడంలోనే పాఠం ఉంది. నాలుగోది చూసిన పిల్లలు "చెరువులు పూడ్చి ఇళ్ళు కట్టారు, అందుకే వరద" అంటారు. మరి 1908లో చెరువులు అన్నీ ఉన్నాయి కదా? ఉన్న చెరువులే తెగి ఊరి మీద పడ్డాయి కదా? ఇక్కడ తరగతి ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోతుంది. చెరువు ఉంటే చాలా, కట్ట గట్టిగా ఉండాలా, అలుగు పారే దారి ఉండాలా అన్న మాట వాళ్ళలోంచే వస్తుంది. మీ ఆధారాల్లో ఒక్కటైనా మిగతావాటితో ఇలా పేచీ పెట్టుకోవాలి.

ఉపగ్రహ చిత్రాలకు కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి, పాత సంవత్సరాల చిత్రాలు చూపించే ఆప్షన్ నొక్కండి. రెండూ ఒకే ఎత్తు నుంచి, ఒకే దిక్కుగా ఉన్నప్పుడే స్క్రీన్‌షాట్ తీయండి. ఎత్తు మారితే చెరువు చిన్నదైనట్టు ఉత్తినే కనిపిస్తుంది, పిల్లలు మోసపోతారు.

ఏ ఆధారమైనా ఫోన్ తెర మీద ఒక్కసారి వేలితో జరిపితే అయిపోవాలి. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని మీరే తెలుగులో రాయండి. యంత్రం ఇచ్చిన అనువాదం అలాగే అంటిస్తే ఎనిమిదో తరగతి పిల్లవాడు మొదటి వాక్యంలోనే ఆగిపోతాడు. ఎక్కడినుంచి తీసుకున్నారో కింద ఒక వరుస రాయండి. ఆధారం ఎవరిదో అడగడం కూడా వాళ్ళకు అలవాటు కావాలి.

3. గూగుల్ ఫారంలో అమర్చండి

ఆన్‌లైన్‌లో ప్రశ్నలు పెట్టి జవాబులు తీసుకునే ఈ ఫారం తయారీ ఒక గంట పని. ఒక్కో సెక్షన్‌లో ఒక్కో ఆధారం, కింద రెండే ప్రశ్నలు: "ఇందులో నీకు కనిపిస్తున్నది ఏమిటి?", "దీన్నిబట్టి నువ్వు ఏమనుకుంటున్నావు?" ఈ రెండింటినీ ఎప్పుడూ కలపకండి. చూసినదీ ఊహించినదీ వేరని పిల్లలకు తెలిసేది అక్కడే.

లింకు క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు మీ ఫోన్‌లో, వైఫై ఆపి, ఒకసారి మొత్తం నింపి చూడండి. ఫోటోలు బరువైతే డేటా అయిపోతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నాన్నతో పనికి వెళ్ళిపోతుంది కాబట్టి గడువు కనీసం మూడు రాత్రులు ఇవ్వండి. ఫోన్ లేని పిల్లలకు అదే ఫారం ప్రింటు తీసి ఇవ్వండి, లేదా బడిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) మీద నలుగురేసి చేయించండి. ఈ ఒక్క పని వదిలేస్తే పాఠం సగం తరగతికే చేరుతుంది.

4. ఐదో ఆధారం పిల్లలే తేవాలి

ఇంట్లో పెద్దవాళ్ళను ఒకటే అడగమనండి: "నీ చిన్నప్పుడు మన చెరువు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవి?" జవాబు ఫోన్‌లో రికార్డు చేసినా సరే, రెండు వాక్యాలు రాసినా సరే. ముందు వాళ్ళ అనుమతి అడగడం నేర్పండి.

5. జవాబు రాయించండి

మూడు వాక్యాల చట్రం ఇవ్వండి: "నేను అనుకునేది...", "ఎందుకంటే ఫలానా ఆధారంలో...", "కానీ ఫలానా ఆధారం దీనికి ఒప్పుకోదు." మూడోదే కష్టం. ఒకమ్మాయి ఇలా రాసింది: "ముంచింది మనుషులే. కానీ మా నానమ్మ, చెరువు శిఖంలో (నీళ్ళు నిలిచే నేలలో) ఇళ్ళు లేనప్పుడు కూడా ఒకసారి నీళ్ళు వాకిట్లోకి వచ్చాయంది. అందుకని వాన తప్పు కూడా కొంచెం ఉంది." అంతకంటే మంచి జవాబు నేను రాయలేను.

మార్కులు వేసేటప్పుడు వానా, మనుషులా అన్నది చూడకండి, ఆధారం పేరు చెప్పారా లేదా చూడండి. దీన్ని ప్రాజెక్టు పని కింద లెక్కించవచ్చు.

ఫారం అయిపోయాక ఒక కాపీ చేసి దాచండి. వచ్చే ఏడాదికి నాలుగో ఆధారంలో హైదరాబాద్ చెరువు తీసేసి మీ ఊరి చెరువు పెట్టండి. ఈ ఏడాది పిల్లలు తెచ్చిన నానమ్మల మాటల్లో రెండు, పేర్లు తీసేసి, అక్కడే చేర్చండి.